జెనోబీ ఇంటి కాళ్ళు

దగ్గరికి జరగండర్రా. ఆ బల్ల ఇటు లాక్కోండి. ఆ ఫ్యాను కట్టేయండి, దాని గోలలో నా గొంతు వినబడదు. షేవ్‌పోర్ట్ పట్నం నుంచి వచ్చే హార్లన్ ప్రూయిట్ గారి సంగతి చెప్తాను. ఆయనేం గొప్పవాడు కాదు. ఆయన పేరు మీద వీధి లేదు, ఎక్కడా బొమ్మ లేదు. ఎదురుగా వచ్చి దాటిపోయినా మీరు వెనక్కి తిరిగి చూసే మనిషి కాదు. అలాంటివాళ్ళ సంగతి ఎవరో ఒకరు చెప్పకపోతే అసలు పుట్టనట్టే అయిపోతుంది.

ఆ సోమవారం పొద్దున్న ఆయన మా హోటలు వెనక గుమ్మం దగ్గర వంగి తన రబ్బరు బూట్లను గోడవారగా నిలబెడుతున్నాడు. మడమలు గోడకి, ముక్కులు బయటికి. ఎప్పుడొచ్చినా ముందు ఆ పని చేశాకే లోపలికొచ్చి కాఫీ అడిగేవాడు. సన్నటి మనిషి. మెడ చొక్కా కాలర్లో వదులుగా తిరుగుతుండేది. జుట్టు పల్చబడి నెత్తిమీద చర్మం గులాబీరంగులో కనిపించేది. చొక్కా మాత్రం మడత నలగకుండా ఉండేది, తనే ఇస్త్రీ చేసుకునేవాడు. కాళ్ళకి నల్ల తోలు జోడు. వాటిలో మొహం చూసుకోవచ్చు. వాళ్ళావిడ నోర్మా బతికున్నన్నాళ్ళూ ప్రతి ఆదివారం సాయంత్రం వాటికి పాలిష్ పెట్టేదట. ఆవిడ పోయాక ఆ డబ్బా, ఆ గుడ్డ ఈయన చేతికొచ్చాయి. రోజు మాత్రం మారలేదు.

“మిస్టర్ ప్రూయిట్, ఆ రబ్బరు బూట్లకి కూడా ఒక ప్లేటు వడ్డించమంటారా? మీకంటే ముందు వాటికే చోటు చూస్తారు,” అన్నాను.

“అవి నాకంటే ఎక్కువ పని చేస్తాయి మిస్ ఎల్డా,” అన్నాడు. అదే ఆయన హాస్యం. పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి.

ఇప్పుడు ఆయన పనేమిటో చెప్పాలి. చదువులేని దాన్ని, నాకు అర్థమైనట్టే చెప్తాను. నా హోటలు మేడ మీద ఓవిడ్ లెజూన్ ఆఫీసు ఉండేది. షేవ్‌పోర్ట్‌లో కూర్చున్న బీమా కంపెనీవాళ్ళు మా ఊరు పాయింట్ సెరీజ్ దాకా వచ్చి, కాలువ కాలువా తిరిగి ప్రతి ఇల్లూ చూడలేరు కదా. అందుకని తమ అధికారం ఓవిడ్ చేతిలో పెట్టారు. ఏ ఇంటికి బీమా ఇవ్వాలో, దేనికి ఇవ్వకూడదో, గాలివానకి కప్పు లేచిపోతే ఎంత ఇవ్వాలో, అంతా ఓవిడ్ మాట. ఓవిడ్ సంతకం పెడితే కంపెనీ పెట్టినట్టే. ఓవిడ్ తప్పు చేస్తే కంపెనీ చేసినట్టే. అయితే అధికారం ఇచ్చేసి కాళ్ళు చాపుకుని పడుకుంటామంటే కుదరదని చట్టం. ఇచ్చినవాళ్ళే ఏడాదికి రెండుసార్లు మనిషిని పంపాలి. ఫోను చేసి కనుక్కుంటే చాలదు. ఆ మనిషి వచ్చి, ఆ ఆఫీసులో కూర్చుని, పని ఎలా జరుగుతోందో కళ్ళతో చూడాలి. ఇంకో మాట కూడా ఉంది. ఓవిడ్‌కిచ్చిన అధికారం ఓవిడ్‌దే. దాన్ని ఆయన ఇంకొకరి చేతికి అందించకూడదు.

కంపెనీ పంపే ఆ మనిషే మన ప్రూయిట్ గారు.

ఓవిడ్‌కి ఒక పద్ధతి ఉండేది. మా వైపు ఇళ్ళు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని నిలబడతాయి. సైప్రస్ చెట్టు దుంగలు పాతి వాటి మీద ఇల్లు కడతాం. పైన రంగు వేసి, తెరలు కట్టి, ఎంత ముస్తాబు చేసినా కాళ్ళు పుచ్చితే ఇల్లు లేదు. ఓవిడ్ ఎవరింటికైనా బీమా ఇచ్చేముందు పడవేసుకుని వెళ్ళి, ఇంటికిందకి దిగి, ఇత్తడి మూత వేసిన కర్రతో ఒక్కొక్క దుంగనీ కొట్టి, తల పక్కకి వంచి వినేవాడు. గట్టి దుంగ ఒకలా పలుకుతుంది, లోపల గుల్లయిన దుంగ ఇంకోలా పలుకుతుంది. మా ఊళ్ళో ఓవిడ్ కొట్టి చూసి సరేనన్నాడంటే పాదిరిగారు దీవించినదానికంటే ఎక్కువ. ప్రూయిట్ వచ్చినప్పుడల్లా ఇద్దరూ కలిసి వెళ్ళి ఒకటో రెండో ఇళ్ళు మళ్ళీ చూసి వచ్చేవారు. ఆ రబ్బరు బూట్లు అందుకే. ఒకడేమో కడుపారా నవ్వే కేథలిక్కు, ఇంకొకడు చుక్క ముట్టని బాప్టిస్టు. ఒకే పడవలో కూర్చుని ఏం మాట్లాడుకునేవారో గాని, తిరిగొచ్చేటప్పుడు ఓవిడ్ నవ్వు కాలువ మలుపు దగ్గర్నుంచే వినబడేది. ఇప్పటికీ ఎండాకాలం సాయంత్రాలు ఒక్కోసారి అటే చూస్తాను.

ఆ సోమవారానికి కొన్నాళ్ళ ముందు నుంచీ మాత్రం ఓవిడ్ మోకాలు నొప్పంటూ పడవెక్కడం మానేశాడు.

ఆ పొద్దున్న ప్రూయిట్ కాఫీ తాగి మేడెక్కాడు. ఆయన మామూలు చోటు కిటికీ ఎదురుగా ఉన్న చిన్న బల్ల. ఓవిడ్ తన పెద్ద కుర్చీలో, పొట్ట మీద చేతులు వేసుకుని, “రా రా, షేవ్‌పోర్ట్ కాకీ! ఈసారి ఏం పొడుచుకు తిందామని?” అన్నాడు. మేనకోడలు వెర్లీ టైపు మిషను వెనక నుంచి నవ్వింది. ప్రూయిట్ కాయితాలు ముందేసుకుని కూర్చున్నాడు.

కాసేపటికి రొయ్యల పడవ క్లోవిస్ మెట్లెక్కి వచ్చాడు. గుమ్మంలోనే ఆగి, “ఓవిడ్, నేను క్లోవిస్‌ని, డెల్మా మొగుణ్ణి,” అన్నాడు. ప్రూయిట్ తలెత్తాడు. క్లోవిసూ ఓవిడూ ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చుని దెబ్బలు తిన్నవాళ్ళు. పెళ్ళాం పేరు చెప్పి పరిచయం చేసుకోవడమేమిటి? క్లోవిస్ వెళ్ళాక పోస్టుమాను వచ్చాడు. అతనూ పేరు చెప్పాడు. ఆ తర్వాత జెనోబీ ముసలమ్మ రొప్పుతూ ఎక్కి, అత్తిపళ్ళ జాం సీసా పట్టుకుని, “జెనోబీని, ఓవిడ్! చివరి కాలువ జెనోబీని!” అని అరిచింది. ఆవిడ ఆయనకి వరసకి వదిన.

జెనోబీ కూర్చుని ఊపిరి తీసుకుని, “మొన్న గాలివాన వస్తోందని అందరూ ట్రక్కులెక్కి పారిపోయారు. నేను కదల్లేదు. వసంతంలో నువ్వు నా ఇంటి కాళ్ళు కొట్టి చూసి బాగున్నాయన్నావు కదా. ఇంకెక్కడికి పోతాను? నా పిల్లి, నేను, జపమాల, హాయిగా నిద్రపోయాం. మళ్ళీ వచ్చినా అంతే, పెద్దది వచ్చినా అంతే,” అంది.

“నీ ఇల్లు నీకంటే మొండిది వదినా,” అన్నాడు ఓవిడ్. అన్నాడు గాని, నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చింది.

ప్రూయిట్‌కి జేబులో పిప్పర్మెంటు బిళ్ళలు పెట్టుకునే అలవాటు. ఆఫీసులో కాస్త తెరిపి దొరికినప్పుడు ఒకటి తీసి ఓవిడ్ ముందు బల్ల మీద పెట్టేవాడు. ఓవిడ్ చటుక్కున అందుకుని నోట్లో వేసుకునేవాడు. ఏళ్ళ తరబడి అంతే, ఇచ్చేవాడూ ఏమీ అనడు, పుచ్చుకునేవాడూ ఏమీ అనడు. ఆ రోజు జెనోబీ వెళ్ళాక ప్రూయిట్ లేచి, చప్పుడు కాకుండా నడిచి, తెల్లటి బిళ్ళని నల్లటి బల్ల మీద ఓవిడ్ చేతికి జానెడు దూరంలో పెట్టాడు. వచ్చి తన చోట కూర్చున్నాడు.

బిళ్ళ అక్కడే ఉంది. ఓవిడ్ కిటికీ వైపు మొహం పెట్టి వేళ్ళతో పొట్ట మీద తాళం వేసుకున్నాడు. కొంతసేపయ్యాక, “ఏం హార్లన్, ఈసారి నా పిప్పర్మెంటు మర్చిపోయావా?” అన్నాడు.

టైపు మిషను ఆగిపోయింది.

“లేదు,” అన్నాడు ప్రూయిట్. లేచి వెళ్ళి బిళ్ళని తీసి స్నేహితుడి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు.

మధ్యాహ్నం ఒక్కడే కిందకొచ్చాడు. సోమవారం మా వైపు ఎప్పుడూ వండేదే, ఎర్ర చిక్కుడుగింజలు, అన్నం, సాసేజీ ముక్క. ప్లేటు ముందు పెడితే చెంచా ముట్టలేదు.

“ఎప్పట్నుంచి, మిస్ ఎల్డా?”

ఏమిటని అడగలేదు నేను. “కిందటేడు చలికాలం నుంచీ బాగా తగ్గింది. ఇప్పుడు వెలుగూ చీకటీ తెలుస్తాయంతే,” అన్నాను. ఊళ్ళో ఎవరికి వాళ్ళం, ఎవరూ చెప్పకుండానే, గుమ్మంలో పేరు చెప్పడం అలవాటు చేసుకున్నాం. ఓవిడ్ మాకు తెలియదనుకున్నాడు. మేం తెలియనట్టే ఉన్నాం. ప్రేమ ఉన్నచోట చేసే పిచ్చిపని అది. మా ఊరివాళ్ళు తప్ప ఇంకెవరూ చేసి ఉండరు.

అప్పుడే వెర్లీ కిందకొచ్చింది. మొహం ఎర్రగా ఉంది. “రాసేస్తారా?” అంది కుర్చీ లాక్కుంటూ. “ఆయన్ని ఆ కుర్చీలోంచి లేపితే ఏమవుతాడో మీకు తెలుసా? పొద్దున్నే లేచి టై కట్టుకుంటాడు మిస్టర్ ప్రూయిట్! ముడి కోసం చేత్తో తడుముకుంటాడు, నేను అటు తిరిగి నిలబడతాను. ఆ మెట్లెక్కడం కోసమే బతికున్నాడాయన.”

“జెనోబీ ఇల్లు ఎవరు చూశారు వెర్లీ?”

“నేనే. అన్నీ నేనే చూస్తున్నాను. మామయ్య కర్ర తీసుకెళ్ళి, మామయ్య కొట్టినట్టే కొట్టాను. ఇంట్లో ఉన్న జెనోబీ కింద మామయ్యే అనుకుంది.”

“ఏం వినిపించింది?”

వెర్లీ బల్ల మీది మెతుకుని వేలితో పక్కకి నెట్టింది. “కొట్టిన చప్పుడు వినిపించింది,” అంది.

ప్రూయిట్ చెంచా తీసుకుని నెమ్మదిగా తిన్నాడు. ఆయన మొహంలో ఏమీ కనబడేది కాదు, కాని నమిలేటప్పుడు కణతలు కదిలేవి. తలచుకుంటే ఆ పూటే కారెక్కి వెళ్ళిపోయి, షేవ్‌పోర్ట్‌లో కూర్చుని రిపోర్టు రాసి పారేయొచ్చు. కంపెనీ నుంచి కవరొకటి వచ్చేది, ఓవిడ్ తన పదవి పోయిన సంగతి మేనకోడలి చేత చదివించుకుని తెలుసుకునేవాడు. లేదా ఏమీ చూడనట్టు, మేమంతా చూడనట్టే, పిప్పర్మెంటు అరచేతిలో పెట్టి వెళ్ళిపోవచ్చు. అప్పుడు చివరి కాలువలో ఒక ముసలావిడ, ఓవిడ్ వినని దుంగల మీద, ఓవిడ్ మాట నమ్ముకుని, పిల్లిని పక్కలో వేసుకుని నిద్రపోయేది.

ఆయన ప్లేటు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, వెనక గుమ్మం దగ్గరికి వెళ్ళి రబ్బరు బూట్లు చేతిలోకి తీసుకున్నాడు. వాటితో మేడెక్కాడు.

“ఓవిడ్, జెనోబీ ఇంటికి పోదాం పద.”

“నా మోకాలు...”

“నీ మోకాలు బాగానే ఉంది. కాలు ఇలా ఇవ్వు.”

తర్వాత ఓవిడే నాకు చెప్పాడు ఇది. ప్రూయిట్ కింద కూర్చుని ఓవిడ్ కాళ్ళకి ఆ బూట్లు తొడిగాడట. ఓవిడ్ సొంత బూట్లు ఎప్పుడో పగిలిపోయాయి, కొత్తవి కొనుక్కునే అవసరమే పడలేదు. “నీకో?” అని అడిగితే, “నాకున్నాయి,” అన్నాడట.

మెట్లు దిగేటప్పుడు ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని దిగారు. వెర్లీ పడవ నడిపింది. మా గుమ్మంలో నిలబడి చూశాను. ఓవిడ్ కర్ర ఒళ్ళో పెట్టుకుని ముందుకి తిరిగి కూర్చున్నాడు. వెనక ప్రూయిట్, చొక్కా మడత నలగకుండా.

చివరి కాలువలో నీళ్ళు పిక్కల దాకా ఉంటాయి, కింద బురద. ఇంటికింద ఎండ రాదు. ప్రూయిట్ తోలు జోడుతోనే దిగాడని వెర్లీ చెప్పింది. ఓవిడ్ చెయ్యి పట్టి ఒక్కొక్క దుంగ దగ్గరికీ తీసుకెళ్ళాడు. అక్కడ వదిలేసి పక్కకి జరిగాడు. ఓవిడ్ ముందు అరచేత్తో తడిమి, తర్వాత కర్రతో కొట్టి, తల వంచి విన్నాడు. మొదటి దుంగ. రెండోది. వెర్లీ పడవలోంచి కళ్ళార్పకుండా చూస్తోంది. వెనకవైపు మూల దుంగ దగ్గర ఓవిడ్ కొట్టిన చెయ్యి అలాగే ఆగిపోయింది. మళ్ళీ కొట్టాడు. కర్రని చంకలో పెట్టుకుని చెవి దుంగకి ఆనించి, పిడికిలితో కొట్టాడు. దాని పక్క దుంగకీ అంతే చేశాడు.

“ఇది పోయింది,” అన్నాడు. “ఇదీ పోయింది. హార్లన్, దీని మీదా ఆవిడ పడుకుంటోంది?”

“దీని మీదే.”

“నా మాట మీద పడుకుంటోంది.”

పైన నేల మీద జెనోబీ అడుగుల చప్పుడు. పిల్లిని తిడుతోంది.

“నీకెప్పుడు తెలిసింది?”

“పిప్పర్మెంటు.”

“దొంగ వెధవా,” అన్నాడు ఓవిడ్ ప్రేమగా. తర్వాత, “రాస్తావా?” అన్నాడు.

“రాస్తాను.”

“రాయకపోతే?”

“నువ్వు చేసింది మేం చేసినట్టే కదా ఓవిడ్. రాయకపోతే ఈ దుంగని నేను పుచ్చబెట్టినట్టు. నిన్ను చూసి రమ్మనే కదా నన్ను పంపేది. కిందటిసారి మోకాలన్నావు, నమ్మాను. చూడాల్సింది అప్పుడే.”

ఓవిడ్ నీళ్ళలో నిలబడి చాలాసేపు దుంగని నిమిరాడు. “ఊళ్ళో నన్ను చెప్పుకోనీ. కంపెనీ చెప్పకముందు నేనే చెప్తాను. ముందు పైనున్న ఆవిడకి,” అన్నాడు.

“అందుకే నిన్ను తీసుకొచ్చాను,” అన్నాడు ప్రూయిట్.

ఓవిడ్ మెట్లు తడుముకుంటూ ఎక్కాడు. తలుపు తీసిన జెనోబీకి, “వదినా, నేను ఓవిడ్‌ని. నాకు కళ్ళు కనబడవు. వసంతంలో నీ ఇల్లు నేను చూడలేదు. ఇవాళ చూశాను. ఈ ఇంట్లో పడుకోకు,” అన్నాడు. జెనోబీ ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి లాగి, “కనబడవని నాకు తెలియదనుకున్నావా? మెట్లెక్కి మరీ పేరెందుకు అరుస్తాననుకున్నావు?” అంది. ఇద్దరూ ఏడ్చారు, తర్వాత నవ్వారు. ప్రూయిట్ కింద నీళ్ళలోనే నిలబడి ఉన్నాడు. ఎవరూ చెప్పకపోతే పైకి వచ్చే మనిషి కాదు.

పొద్దు వాలుతుండగా తిరిగొచ్చారు. ఆయన కాళ్ళకున్న జోడు చూశాను. నలుపు వెలిసిపోయింది, తోలు ఉబ్బింది, అడుగు నోరు తెరిచింది. “అయ్యో, నోర్మా ఏమంటుంది!” అని నోరు జారాను. ప్రూయిట్ వాటికేసి చూసి, “తిడుతుంది. వచ్చే ఆదివారం ఏం చెయ్యాలి నేను అంటుంది,” అన్నాడు. అది ఆయన సాయంత్రం హాస్యం.

పొయ్యి పక్కన పీట మీద పెట్టాను వాటిని. లోపల పాత పేపర్లు ఉండలు చుట్టి కుక్కాను, ఆకారం పోకుండా. మా ఆయన చేపలకి పోయేటప్పుడు వేసుకునే గుడ్డ చెప్పులు ఇస్తే, అవి తొడుక్కుని, గంబో పులుసు ఒక గిన్నెడు తాగాడు. ఓవిడ్ పక్కన కూర్చున్నాడు, ఇంకా ఆ రబ్బరు బూట్లతోనే. తీసేయమంటే ఒప్పుకోలేదు. ఇద్దరూ పాత సంగతులు చెప్పుకున్నారు. మొసలి పిల్ల పడవెక్కిన రోజు, ప్రూయిట్ నీళ్ళలో పడ్డ రోజు. ప్రూయిట్ చప్పుడుతో నవ్వడం అదే మొదటిసారి విన్నాను. చిన్నపిల్లాడి నవ్వులా ఉంది.

వెళ్ళేటప్పుడు జోడు ఇంకా తడిగానే ఉంది. “వసంతంలో వచ్చినప్పుడు తీసుకుంటాను మిస్ ఎల్డా,” అన్నాడు. కారు అద్దం దించి, ఓవిడ్ చేతిలో ఒక పిప్పర్మెంటు పెట్టాడు. ఓవిడ్ అది వెంటనే తినలేదు.

షేవ్‌పోర్ట్ వాళ్ళు జెనోబీ బీమా రద్దు చేద్దామన్నారట. ప్రూయిట్ ఒప్పుకోలేదట. ఓవిడ్ ఇచ్చింది మనం ఇచ్చిందే, చూసుకోనిది మనం, గడువు తీరేదాకా నిలబడాలి అన్నాడట. ఆలోగా ఒక శనివారం ఊళ్ళో మగాళ్ళంతా వెళ్ళి ఆ ఇంటిని జాకీల మీద లేపి, రెండు కాళ్ళూ మార్చారు. కొత్త దుంగల్ని ఓవిడే కొట్టి విన్నాడు, వెర్లీని పక్కన కళ్ళు మూసుకోమని. ఆ మరుసటేడు వచ్చిన గాలివాన మీకూ తెలుసు, మా వంటగది కప్పు ఎత్తుకుపోయింది. జెనోబీ ఆ రాత్రి ట్రక్కెక్కి మాతోనే వచ్చింది. తిరిగెళ్ళి చూస్తే ఇల్లు నిలబడే ఉంది.

అంతకుముందే, ఆయన వస్తానన్న ఆ వసంతంలో, మా గుమ్మంలో కారు ఆగితే, చేతులు తుడుచుకుంటూ పరిగెత్తాను. దిగింది ఒక అమ్మాయి, చేతిలో కొత్త సంచీ. మిస్టర్ ప్రూయిట్ స్థానంలో వచ్చానంది. జనవరిలో, ఆదివారం సాయంత్రం, కుర్చీలో కూర్చుని ఉండగానే పోయారట. పక్కింటివాళ్ళు మర్నాటిదాకా చూసుకోలేదట. అప్పటికి ఓవిడ్ మేడ మీద కుర్చీ వదిలేసి, రోజూ మా హోటలు కిటికీ దగ్గర కూర్చునేవాడు. ఆ అమ్మాయి గుమ్మంలోకి రాగానే, “నా పేరు చెప్పాలా?” అని నన్ను మెల్లిగా అడిగింది. ఎవరు చెప్పారో ఏమో. ప్రూయిటే చెప్పి ఉంటాడు.

ఓవిడ్ కూడా పోయాడు, జెనోబీ పోయింది. ఆ రబ్బరు బూట్లతోనే ఓవిడ్‌ని శవపెట్టెలో పడుకోబెట్టింది వెర్లీ. మీరు రేపు ఎవరికైనా ఏదైనా అధికారం చేతికిచ్చినప్పుడు, పిల్లలూ, ఈ మనిషిని గుర్తు చేసుకోండి. మీ పిల్లలకీ చెప్పండి. నా పేరు మర్చిపోయినా ఫరవాలేదు, హార్లన్ ప్రూయిట్ అని ఆయన పేరు మాత్రం గుమ్మంలో నిలబడి పలికినట్టు గట్టిగా చెప్పండి.

అదిగో, పొయ్యి పక్కన పీట మీద, లోపల పేపరు ఉండలు ఇంకా అలాగే, మడమలు గోడకి, ముక్కులు గుమ్మం వైపు, నల్ల తోలు జోడు.